ఇంజను చల్లారాకే నా మాట

నేను ఒక ఖాళీని కొలిచే వస్తువును. బరువును తూచేవి, పొడవును చూపేవి, కాలాన్ని లెక్కపెట్టేవి మీ ఇళ్లలో చాలా ఉన్నాయి. ఏమీ లేని చోటు ఎంత ఉందో చెప్పమంటే మాత్రం అవన్నీ తెల్లమొహం వేస్తాయి. అప్పుడు నన్ను వెతుక్కుంటారు.

పదమూడు ఉక్కు రేకులు, వాటిని ఒక కొసన కలిపి పట్టిన చిన్న మర. అంతే నేను. విప్పితే విసనకర్రలా విచ్చుకుంటాను. మూస్తే చూపుడువేలంత ఉంటాను. పుస్తకాల్లో నా పేరు ఫీలర్ గేజి, షెడ్లలో ఫిల్లర్ అంటారు. పేరు తప్పు పలికినంత మాత్రాన నా రేకుల మందం మారదు కనుక నాకేమీ అభ్యంతరం లేదు. వాటిలో అతి పలచనిది మీ తలవెంట్రుక కన్నా సన్నంగా ఉంటుంది. ఊదితే వణుకుతుంది. వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ నిలబడుతుంది.

నన్ను కాచారు, చల్లార్చారు, మళ్లీ కాచారు. రోలర్ల మధ్య నలిపి నలిపి ఒక్కో రేకును ఒక్కో మందానికి తెచ్చారు. కాచడం ఎవరైనా చేస్తారు. సరిగా చల్లార్చడంలోనే పనితనం ఉందని ఆ కార్ఖానాలో ముసలి కార్మికులు అనుకునేవారు. చివరికి ప్రతి రేకు మీదా దాని అంకె చెక్కారు. మనుషులకు పుట్టగానే పేర్లు పెడతారు, పెద్దయ్యాక ఆ పేరుకు తగ్గట్టు బతకాలన్న నియమం మాత్రం లేదు. నాకు ఉంది. ఎనిమిది అని చెక్కించుకున్న రేకు చచ్చేదాకా ఎనిమిదిగానే ఉండాలి.

నా పని అర్థం కావాలంటే మీకు ఇంజను గురించి కొంచెం చెప్పాలి. ఇంజనుకు రెండు తలుపులుంటాయి. వాటినే వాల్వులంటారు. ఒకటి గాలిని, పెట్రోలును లోపలికి రానిస్తుంది. రెండోది పొగను బయటికి పంపుతుంది. తలుపును తట్టి తెరిచే ఇనుప వేలికీ, తలుపు కాడకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ఇంజను వేడెక్కితే ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే తలుపు పూర్తిగా మూసుకోదు. మూసుకోని తలుపులోంచి బలం జారిపోతుంది, తలుపు అంచు కాలుతుంది, తాగిన పెట్రోలుకు తగ్గ దూరం రాదు. సందు మరీ ఎక్కువైతే అదో తంటా, తలుపు చాలినంత తెరుచుకోదు. సందు సరిగ్గా ఉన్న ఇంజను సన్నగా టకటకమంటూ ఉంటుంది. ఆ చిన్న చప్పుడే దాని ఆరోగ్యం.

ఈ సంగతి ఇంజనుకు తెలుసు, నాకు తెలుసు. బండి కొన్నవాడికి తెలియదు. అతనికి చప్పుడు వినిపిస్తే రోగం, వినిపించకపోతే భాగ్యం. లోపల తలుపు కాలిపోతున్నా సరే, బయటికి వినబడకూడదు. మనుషులు తమ ఇళ్ల విషయంలో కూడా ఇంతేనని తరవాత తెలుసుకున్నాను.

నన్ను మొదట కొన్నది ఖమర్ సాబు. బావుల మీది ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. సైకిలుకు కట్టిన సంచిలో నన్ను వేసుకుని పొలం నుంచి పొలానికి తిరిగేవాడు. రైతు తొందరపెడితే ఇంజను పక్కన తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు. "అరె భాయ్, ముందు దీన్ని సల్లబడనియ్యి. కోపంల ఉన్నోని నాడి సూస్తరా?" అనేవాడు. పంట ఎండుతోందని రైతు నెత్తి కొట్టుకున్నా లేచేవాడు కాదు. చూపు మందగించాక నన్ను తన శిష్యుడు సంపత్‌చారి చేతిలో పెట్టాడు. "ఇది వంగుతది గని అబద్ధం చెప్పదు" అన్నాడు. నన్ను గురించి ఇంతవరకు అంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు.

సంపత్‌చారిది కమ్మరి ఇల్లు. తాత నాగళ్లకు కర్రులు చేశాడు, తండ్రి ఎడ్లబండ్ల చక్రాలకు పట్టాలు బిగించాడు. ఇతను కొలిమి ఆర్పి హుస్నాబాద్‌లో అక్కన్నపేట రోడ్డు మీద రేకుల షెడ్డు వేసి మోటారుసైకిళ్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. మంచి పనివాడు. మైలేజ్ రావట్లేదని బండి వస్తే ఇంజను జోలికి పోయేవాడు కాదు. ముందు వెనక చక్రం లేపి చేత్తో తిప్పి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూసేవాడు. టైర్లలో గాలి, చైను బిగువు చూసేవాడు. ప్లగ్గు విప్పి దాని రంగు చూసేవాడు. గాలి జల్లెడ దులిపేవాడు. టాపెట్ల దగ్గరికి, అంటే ఆ వాల్వుల సందు దగ్గరికి, నా దగ్గరికి, అందరికన్నా చివర వచ్చేవాడు.

కానీ అతనికి ఒక లోపం ఉంది. చిన్నప్పటి నుంచి కొలిమి దగ్గర కాలి కాలి అతని వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. నా పలచని రేకులు ఆ వేళ్లకు తెలిసేవి కావు. "మా బాపు నాకు సుత్తె ఇచ్చిండు, ఏళ్ల కొసలు తీసుకున్నడు" అని నవ్వేవాడు.

అతని భార్య పేరు సుభద్ర. మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చి, అతను తినేదాకా ఆగి, గిన్నె తీసుకుపోయేది. ఒకరోజు అతను నన్ను సందులో పెట్టి మూడుసార్లు లాగి, మూడుసార్లూ తల అడ్డంగా ఊపి, ఆమెను పిలిచాడు.

"గాజు తొడుక్కుంటవ్ గద. బొటనేలి ఎముక కాడ జర పట్టి జారుతది సూడు. గట్ల జారాలె ఈ రేకు. పట్టి ఆగితే బిగువు, పట్టకుంటే వదులు."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని రేకు పట్టుకుంది. చేతి గాజులు నా మరకు తగిలి గలగలమన్నాయి. ఆమె మెల్లగా లాగింది.

"ఎట్లున్నది?" అన్నాడు.

"పట్టింది."

అతను నట్టు కొంచెం తిప్పాడు.

"ఎట్లున్నది?"

"తేలిపోయింది."

మళ్లీ తిప్పాడు. ఆమె లాగింది. కొంచెం ఆగి, "జారింది" అంది.

ఆ రోజు నుంచి పన్నెండేళ్లు ఆ షెడ్డులో ఏ బండి టాపెట్లయినా ఇద్దరి పనే. నట్టు అతనిది, రేకు ఆమెది. చూసేవాళ్లకు మాత్రం చారి పనిచేస్తున్నాడు, పెండ్లాం సామాను అందిస్తోంది. కొలత చెప్పింది ఎవరో షెడ్డులోవాళ్లకు, నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

కార్తీకంలో ఒక సోమవారం, అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్న సంపత్‌చారి మళ్లీ లేవలేదు. దీని గురించి నేను ఎక్కువ చెప్పను. అది నా రేకుల్లో ఏ ఒక్కదానికీ అందే ఖాళీ కాదు. అతని సొంత ఊరు అదే రోడ్డు మీద ఉంది. ఐదో కిలోమీటరు రాయి దాటాక వాళ్ల చెలకలో అతన్ని పెట్టారు. పదకొండో రోజు ఆమె గాజులు తీశారు.

నెల తిరిగిన మర్నాడు ఆమె షెడ్డు తలుపు తీసింది. నన్ను సొరుగులోంచి తీసి కిరసనాయిలులో కడిగి గుడ్డతో ఒక్కో రేకూ తుడిచింది. ఆమె చెయ్యి ఇప్పుడు చప్పుడు లేకుండా కదులుతోంది. కుడిచేత్తో నట్టు, ఎడమచేత్తో రేకు. ఇద్దరి పని ఒక్కతే నేర్చుకోవడానికి పది రోజులు పట్టింది. పాత ఇంజను ఒకటి ముందు పెట్టుకుని అదే నట్టును రోజుకు వందసార్లు విప్పి బిగించింది. ఇంట్లో ముసలి అత్త ఉంది, ఇద్దరికీ ఆ షెడ్డే బువ్వ. అది పోతే ఆమె ఇక ఎవరో ఒకరి ఇంట్లో వంట చేసే మనిషి. ఆమె ఈ మాట ఎవరితోనూ అనలేదు. నట్టు విప్పింది, బిగించింది.

బండ్లు మాత్రం రాలేదు. రోడ్డుకు అవతల కొత్త షెడ్డు లేచింది. అది తిరుమలేశ్‌ది. సంపత్‌చారికి చిన్నాన్న కొడుకు. ఎనిమిదేళ్లు ఈ షెడ్డులోనే పని నేర్చుకుని, అన్న పోయిన ఇరవయ్యో రోజున సొంత బోర్డు కట్టుకున్నాడు. చురుకైనవాడు, మాటకారి. నాలాంటి వస్తువు అతని దగ్గర లేదు. "నా ఏలే గేజి" అనేవాడు. ఇంజను వేడిమీద ఉన్నా, చల్లగా ఉన్నా పది నిమిషాల్లో టాపెట్లు బిగించి పంపేవాడు. బిగించడమంటే నిజంగా బిగించడమే. సందంతా మింగేసేవాడు. ఇంజను చప్పుడు చేసేది కాదు.

"బండి చాలూ ఉన్నదా, బందున్నదా తెలుస్తనే లేదు తమ్మీ" అని జనం మురిసిపోయేవాళ్లు.

"కొత్తబండి ఎక్కిపోతున్నట్టే అనుకో" అనేవాడు అతను.

రోడ్డుకు ఇవతల, తెరిచిన షెడ్డులో బల్ల మీద పడుకుని నేను అవన్నీ విన్నాను. రెండు నెలలు ఆగండి అనుకున్నాను. రెండు నెలలు ఆగడం ఆమెకు ఎంత కష్టమో మాత్రం నేను లెక్కవెయ్యలేదు.

అప్పుడు వచ్చాడు ఓదెలు. ఊరూరా తిరిగి పాలు పోయించుకుని డెయిరీకి చేర్చే మనిషి. బండికి అటూ ఇటూ పాలక్యాన్లు, రోజుకు డెబ్బై కిలోమీటర్లు.

"చెల్లె, చారి ఉన్నప్పుడు అరవై ఇచ్చిన బండి. ఇప్పుడు నలభై దాటుతలేదు. ఇంట్ల బర్రెలకన్న ఇదే ఎక్కువ తాగుతాంది."

"ఎవలు ముట్టిన్రు ఓదెలన్నా?"

"తిరుమలేశే. సప్పుడు బంద్ చేసిండు. మైలేజ్ గూడ బందయింది."

"సాయంత్రం దాక ఇడిసిపెట్టిపో. ఇంజను సల్లారాలె."

"పాలు విరుగుతయ్ చెల్లె. తొమ్మిది గొడితే డెయిరీ గేటు మూస్తరు. పది నిమిషాలల్ల అయితదంటే చెయ్యి, లేదంటే పోత."

ఐదు రోజుల తరవాత వచ్చిన మొదటి బండి అది. ఆమె ఇంజను మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది. చుర్రుమంది. క్యాన్ల వైపు చూసింది. నన్ను తీసుకుంది.

నేను వద్దన్నాను. నా భాషలో వద్దనడమంటే ఏమిటో పనివాళ్లకు తెలుసు. వేడి ఇనుము మధ్య రేకు జిడ్డుగా, ఇష్టం లేనట్టు కదులుతుంది. ఆమెకూ తెలిసింది. అయినా లాగింది, నట్టు బిగించింది. ఓదెలు పాలు చేరాయి. ఇంజను చల్లారాక, ఇనుము తన అసలు కొలతకు వచ్చాక, నేను చెప్పిన దానికన్నా సందు ఎక్కువైంది.

నాలుగు రోజుల తరవాత ఓదెలు హోటల్లో చాయ్ తాగుతూ చెప్పాడు. అతనిది గొల్లల గొంతు, అదిలిస్తే గుట్ట అవతలి మంద కూడా తిరిగి చూస్తుంది. "సప్పుడు మల్ల తెచ్చిపెట్టింది గని మైలేజ్ తేలే. నలభై ఒకటి. పాపం, ఆడిమనిషి, దానికేం తెలుసు."

సాయంత్రానికి సంపత్‌చారి పెదనాన్న కనకయ్యచారి షెడ్డుకు వచ్చాడు. ఆ ఇంటి పెద్ద. వెనక తిరుమలేశ్, ఇంకో ఇద్దరు కులపెద్దలు.

"బిడ్డా, నీ మంచికే చెప్తున్న. షెడ్డు తిరుమలేశుకు అప్పజెప్పు. వాడు నిన్నూ, మీ అత్తనూ సూసుకుంటడు. మన కులంల ఆడోళ్లు కొలిమి తిత్తి ఊదేదాక సరే. మర పట్టుడు లేదు."

ఆమె తల మీది కొంగు సర్దుకుంది. "తిత్తి ఊదకుంటే కర్రు కాలుతదా పెద్దమామా? నిప్పుకు ఎంత గాలి గావాల్నో ఊదేదానికే తెలుసు. సుత్తె కొట్టెటోనికి తెల్వది."

కనకయ్యచారి గడ్డం గీరుకున్నాడు. తిరుమలేశ్ నవ్వాడు. "గాలి సంగతి సరే వదినె. మైలేజ్ సంగతి ఏంది? ఊరంత ఎరికైంది గద."

"ఓదెలన్న బండి కాడ తప్పు నాదే. వేడి మీద పెట్టిన. మీ అన్న ఉంటే నా చెయ్యి మీద కొట్టేటోడు." ఆమె తాళంచెవి తీసి పనిబల్ల మీద పెట్టింది. "సీస కడదాం. అదే బండి, అదే తొవ్వ. రేపు నువ్వు నీ తీరుగ చెయ్యి. ఎల్లుండి నేను నా తీరుగ చేస్త. నా సీస నీ సీసకన్న ఒక్క గజం తక్కువ పోయినా ఈ తాళం నీదే."

సీసా కట్టడం మా వృత్తిలో ఆఖరి సాక్ష్యం. ట్యాంకు గొట్టం మూసేసి, అంకెలు ముద్రించిన ఖాళీ సెలైన్ సీసాలో వంద మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, దాన్ని హ్యాండిల్‌కు వేలాడదీసి, సన్నని గొట్టంతో కార్బొరేటర్‌కు కలుపుతారు. సీసా ఖాళీ అయి బండి ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెడతారు. దాని ముందు మాటకారితనం పనిచెయ్యదు. అందుకే మాటకారులు దాని జోలికి పోరు. పదిమంది ముందు అనిపించుకున్నాక తిరుమలేశ్‌కు తప్పలేదు.

మర్నాడు పొద్దున పాలు పోసి వచ్చిన ఓదెలు, పాల బరువుకు బదులు క్యాన్లలో నీళ్లు నింపుకున్నాడు. తిరుమలేశ్ వేడి ఇంజను మీదే పని మొదలుపెట్టి పది నిమిషాల్లో లేచాడు. బండి మూగదైపోయింది. చుట్టూ చేరినవాళ్లు "శభాష్" అన్నారు. సీసా కట్టుకుని బయలుదేరిన ఓదెలు నాలుగో కిలోమీటరు రాయి దాటి కల్లు మండువ ముందు ఆగిపోయాడు. మండువ దగ్గరున్నవాళ్లు అతను కల్లుకోసమే ఆగాడనుకుని లొట్టి దించారు. అలా నాలుగు కిలోమీటర్ల నూరు గజాలు లెక్కకు వచ్చింది.

ఆ సాయంత్రం బండి ఆమె షెడ్డులో చేరింది. తెల్లవారి చలిలో ఆమె వచ్చి ఇంజను మీద అరచెయ్యి పెట్టింది. నీళ్లకుండలా చల్లగా ఉంది. పెద్దమనుషులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

ఆమె నా దగ్గరికి రాలేదు. స్టాండు వేసి వెనక చక్రం తిప్పింది. చక్రం ముక్కుతూ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది.

"ఓదెలన్నా, బండి మీద కూసో. ఎట్ల తోలుతవో అట్లనే కూసో."

అతను కూర్చున్నాడు. కుడి కాలు బ్రేకు మీద ఆనించాడు.

"కాలు గట్లనే పెడతవా?"

"క్యాను మోకాలికి తాకుతది చెల్లె. ఇంకెక్కడ పెట్టాలె?"

"పెట్రోలు బండి తాగుతలేదన్నా. నీ కాలు తాగుతాంది."

నవ్వులు లేచాయి. ఓదెలు తన కాలు వైపు అపనమ్మకంగా చూసుకున్నాడు. ఆమె క్యాను కట్టే కొక్కెం నాలుగు వేళ్లు వెనక్కి జరిపింది. బ్రేకు వదులు చేసింది. ఇప్పుడు చక్రం తిరిగితే తిరుగుతూనే ఉంది. కూర్చున్నవాళ్లు చాయ్ పట్టుకుని దాన్నే చూస్తున్నారు. టైర్లకు గాలి పట్టింది. గాలి జల్లెడ విప్పి నేల మీద తడితే ఓదెలు తిరిగిన పన్నెండూళ్ల దుమ్ము కుప్పగా పడింది.

చివర నన్ను తీసుకుంది.

ఎనిమిదో అంకె రేకును ఎడమచేతి వేళ్లతో పట్టుకుని సందులో పెట్టబోతే నేను లోపలికి వెళ్లలేదు. అక్కడ సందే లేదు. పదిమంది చూస్తుండగా నేను వంగి బయటే నిలబడ్డాను. ఆమె నన్ను అలాగే పట్టుకుని తిరుమలేశ్ వైపు ఒక్కసారి చూసింది. నట్టు వదులు చేసి, మరను వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ పెట్టింది. పట్టాను. ఇంకాస్త తిప్పింది. తేలాను. ఈసారి ఆమె చెయ్యి ఆగిపోయింది. బోసి మణికట్టు ఇంజను మీద ఆనించి కళ్లు మూసుకుంది. ఆ చేతికి ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. మర కదిలింది. లాగింది. ఎముక దగ్గర గాజు ఆగినట్టు ఒక్క క్షణం ఆగి, జారాను. బిగించాక మళ్లీ లాగి చూసింది. బిగింపులో కొలత తప్పడం మామూలే. తప్పలేదు.

బండి స్టార్టయింది. టకటకటక, సన్నగా.

"సప్పుడొస్తాంది" అన్నాడు తిరుమలేశ్.

"రావాలె" అంది ఆమె.

సీసా కట్టారు. ఎక్కడ ఆగుతుందో ఇద్దరూ కళ్లారా చూడాలని కనకయ్యచారి అన్నాడు. అందుకని తిరుమలేశ్ తన బండి తీశాడు, ఆమె వెనక కూర్చుంది. నేను ఆమె కొంగుముడిలో ఉన్నాను. సంపత్‌చారి చనిపోయిన తరవాత ఆమె షెడ్డు దాటి ఆ రోడ్డున ముందుకు వెళ్లడం అదే మొదలు.

మూడో రాయి దాటింది. నాలుగో రాయి దాటింది. కల్లు మండువ దగ్గర నిన్నటి మనుషులు మళ్లీ లొట్టి అందుకున్నారు. ఓదెలు చెయ్యి ఊపి సాగిపోయాడు. అక్కడితో ఆమె గెలిచింది. కానీ సీసాలో ఇంకా పెట్రోలు ఉంది.

ఐదో రాయి వచ్చింది. దాని అవతల చెలక, చెలకలో గట్టు పక్కన మట్టి ఇంకా పూర్తిగా అణగని చోటు. తిరుమలేశ్ చెయ్యి తనకు తెలియకుండానే వదులైంది. బండి నెమ్మదించింది.

"ఆగకు" అంది ఆమె వెనక నుంచి. "బండి ఇంకా పోతాంది."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. కొంగుముడిని పట్టుకున్న వేళ్లు మాత్రం నా రేకులను ఎంత బిగించాయంటే, అందులో ఒకటి అప్పుడు పడ్డ వంకరతోనే ఇప్పటికీ ఉంది. ఆ వంకరను ఆమె సరిచెయ్యలేదు. నేనూ కోరుకోలేదు.

ఐదు కిలోమీటర్ల ఏడువందల గజాల దగ్గర సీసా ఖాళీ అయింది. ఓదెలు బండి దిగి సీసాను తలకిందులు చేసి చూపించాడు. తరవాత ఆమె దగ్గరికి వచ్చి, "హోటల్ల అన్న మాట హోటల్లనే వాపస్ తీసుకుంట చెల్లె" అన్నాడు. తీసుకున్నాడు కూడా. మొదటి మాటకన్నా గట్టిగానే.

తిరిగి వచ్చేటప్పుడు మిట్ట ఎక్కుతుంటే తిరుమలేశ్ బండి ఆయాసపడింది. గేరు దించాడు, మళ్లీ దించాడు. చప్పుడు లేదు, బలమూ లేదు.

"ఎవలు చేసిన్రు దీనికి?" అంది ఆమె.

"నేనే చేసుకున్న" అన్నాడు అతను, ఇంకో గేరు దించుతూ.

షెడ్డులో కనకయ్యచారి బల్ల మీది తాళంచెవి తీసి ఇద్దామని లేచాడు. అప్పటికే అది ఆమె నడుముకు చేరింది.

ఇది జరిగి మూడేళ్లు. ఇప్పుడు రోడ్ల మీద ఇంజనే లేని బండ్లు వస్తున్నాయి. వాటికి తలుపుల్లేవు, సందుల్లేవు, నా అవసరం లేదు. తిరుమలేశ్ బోర్డు మీద వాటి బొమ్మ కూడా వేయించాడు. నన్ను చూసి, ఇంకెన్నాళ్లులే అని జాలిపడేవాళ్లున్నారు. వాళ్ల జాలి వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి. నా రేకుల్లో రెండు అరిగాయి, ఒకటి వంకరపోయింది. మిగిలిన పదీ చెక్కిన అంకె మీదే నిలబడి ఉన్నాయి. ఈ ఊళ్లో ఆఖరి ఇంజను ఊపిరి పీల్చినన్నాళ్లు దాని సందు ఎంతో చెప్పేది నేనే. తుక్కులో వేస్తే అక్కడా అదే చెబుతాను.

అయితే ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. సీసా పందెం తరవాత నెలరోజులు తిరుమలేశ్ రోడ్డుకు ఇవతలికి రాలేదు. ఒక పొద్దున తన బండి నెట్టుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఎంత తన్నినా స్టార్టవదు. చెమటలు కక్కుతున్నాడు.

"వదినె, జర ఆ ఫిల్లర్ ఇయ్యి. గంటల తెచ్చిస్త."

"అది షెడ్డు దాటదు. బండిని లోపటికి దే."

అతను లోపలికి తెచ్చాడు. ఆమె ఇంజనుకు దగ్గరగా చెయ్యి పెట్టి తీసేసింది. "సల్లారనియ్యి."

"ఎంతసేపు?"

"చెయ్యి పెట్టి సూస్తుండు. కాలకుంటే చెప్పు."

ఆమె పీట జరిపింది. అతను కూర్చున్నాడు. ఎనిమిదేళ్లు అతను కూర్చున్న పీటే అది. ఎదురుగా గోడ మీద, సంపత్‌చారి ఆనుకునే చోట, తల నూనె మరక అలాగే ఉంది. అతను దాన్ని చూశాడు. అన్న పోయాక ఇక్కడికి వచ్చినా, ఆ గోడ వైపు అతను కళ్లెత్తడం అదే మొదటిసారని నాకు అప్పుడు అర్థమైంది. ఆ గోడ కనబడకుండా ఉండడానికే రోడ్డు దాటి పోయాడేమో, నాకు తెలియదు. ఇంజను చల్లారుతూ లోపల్లోపల టిక్కుమంటోంది. ఎండ గడప దాటి బల్ల కాలు దాకా వచ్చింది.

చాలాసేపటికి అతను ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి, తియ్యలేదు.

ఆమె లేచి నన్ను విప్పింది. స్పానరు అతని ముందు పెట్టింది. "నట్టు నువ్వు తిప్పు. రేకు నేను లాగుత."

అతను తిప్పాడు. ఆమె లాగింది.

"ఎట్లున్నది?" అన్నాడు, అచ్చం అన్న అడిగినట్టే.

ఆమె కళ్లు మూసుకుంది. నన్ను సందులో అలాగే ఉంచి, కొంచెం ఆగింది. తరవాత మెల్లగా లాగింది.

"జారింది" అంది.